గ్రెనోబుల్‌కి పీహెచ్‌డీకి వెళ్తున్న వైజాగ్ వాళ్లకి

ముందు కాగితాల సంగతి. లాంగ్ స్టే వీసా అయితే ఫ్రాన్స్‌లో దిగిన 3 నెలల్లోపు ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. ట్రామ్ టికెట్‌ని ఎక్కకముందే ప్లాట్‌ఫామ్ మీది మిషన్‌లో చూపించాలి. ఆదివారం మధ్యాహ్నం దాటితే చాలా కొట్లు మూసేస్తారు, బియ్యం శనివారమే తెచ్చుకోండి. మన కొలతలు జరిగే సింక్రోట్రాన్‌కి (ఎలక్ట్రాన్లని రింగులో తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) బీ ట్రామ్‌లో వెళ్లొచ్చు. ఇజేర్, డ్రాక్ నదులు కలిసేచోట 844 మీటర్ల రింగ్ అది.

బీమ్‌టైమ్‌ని, అంటే ఆ ఎక్స్‌రేలు వాడుకోడానికి మనకిచ్చే సమయాన్ని, 8 గంటల షిఫ్టుల్లో లెక్కిస్తారు. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకి నైట్ షిఫ్ట్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇక మన నానో కణాలు, అంటే మాగ్నటైట్ లాంటి ఇనుప ఆక్సైడ్ పొడి. ఇక్కడ ల్యాబ్‌లో వీఎస్‌ఎంలో (శాంపిల్‌ని కంపింపజేసి అయస్కాంతత్వం కొలిచే పరికరం) పెడితే పొడి మొత్తానికి అయస్కాంతత్వం ఎంతో తెలుస్తుంది. అక్కడ సింక్రోట్రాన్‌లో చేసే ఎక్స్‌ఎంసీడీ అనే ఎక్స్‌రే కొలతలో ఏ మూలకం వాటా ఎంతో విడిగా తెలుస్తుంది. ఇనుముకైతే దాదాపు 707 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, కోబాల్ట్‌కైతే 778 దగ్గర, కుడికీ ఎడమకీ తిరిగే ధ్రువణం ఉన్న ఎక్స్‌రేలు మార్చి మార్చి పంపి, శోషణలో తేడా తీస్తారు. మాగ్నటైట్‌కి ఆ తేడా గీత కిందికి, పైకి, మళ్లీ కిందికి వెళ్తుంది. మొదటి లోయ ఎక్కువగా ఫెర్రస్ ఇనుముది (రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము).

నా మొదటి శాంపిల్‌లో ఆ లోయే పూడిపోయింది. బీచ్ రోడ్డు ఇళ్ల గేట్లు ఎలా తుప్పుపడతాయో చిన్నప్పటినుంచి చూస్తున్నవాణ్ణే, సీసా మూత వదులుగా పెట్టి నెల రోజులు వదిలేశాను. గాలి తగిలి మాగ్నటైట్ కాస్తా ఫెర్రస్ ఇనుము లేని మాగ్‌హెమైట్ అయిపోయింది. పైగా ఎలక్ట్రాన్ యీల్డ్‌లో, అంటే శాంపిల్ నుంచి బయటికొచ్చే ఎలక్ట్రాన్లని బట్టి కొలిస్తే పైపైన కొద్ది నానోమీటర్లే కనిపిస్తాయి, అంటే చెడిన పొరే ముందు దొరుకుతుంది! అందుకే సీసాలో ఆర్గాన్ వాయువు నింపి, గట్టిగా సీల్ చేసి తీసుకెళ్లండి. సిలికాన్ ముక్క మీద కణాలు కలిపిన ద్రవం చుక్క వేసేటప్పుడు ఇడ్లీలా కాదు, పేపర్ దోశలా పరవాలి. మందంగా ఉంటే ఛార్జ్ పేరుకుని సిగ్నల్ పాడవుతుంది. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, వేలి జిడ్డు వ్యాక్యూమ్‌ని చెడగొడుతుంది.

డోసీమీటర్ (రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే బ్యాడ్జి) రూములో మర్చిపోకండి. పులిహోర డబ్బా కంట్రోల్ క్యాబిన్‌లోకి తేవచ్చో లేదో అక్కడివాళ్లని అడగండి, నేను అడక్కుండా తెచ్చి చీవాట్లు తిన్నాను.

రాత్రి రెండింటికి స్క్రీన్ మీద మొదటి లోయ లోతుగా కనిపిస్తే ఇంటికి ఫోన్ చేయొచ్చు. చలికాలమైతే వైజాగ్‌లో అప్పటికి ఆరున్నర, అమ్మ లేచే ఉంటుంది.