గొడవల్లో ఉన్న స్టార్ క్వార్టర్‌బ్యాక్ కోసం మీ టీమ్ ఎంత ఇవ్వచ్చు? లెక్క ఇలా వేయండి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మీ టీమ్‌కి సరైన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆటను నడిపించేవాడు) లేడు. ఇంకో ఊరి టీమ్‌లో ఉన్న స్టార్ ఒకడు అక్కడ ఆడనని భీష్మించుకుని కూర్చున్నాడు, అతని మీద తీవ్రమైన ఆరోపణలున్నాయి, అయినా మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ వంతులు) ఇస్తే వస్తాడని వార్తలొస్తున్నాయి. ఇవ్వాలా, వద్దా? ఓహాయోలో ఉన్న మా తెలుగు స్నేహితులతో నేను 2022 మార్చి నుంచి దీని మీద వాదిస్తూనే ఉన్నాను, ఎందుకంటే ఆ నెల 18న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ సరిగ్గా ఇదే పని చేసి హ్యూస్టన్ టెక్సన్స్ నుంచి డెషాన్ వాట్సన్‌ను తెచ్చుకుంది. ఆ ఒక్క డీల్‌ని ముందు పెట్టుకుని లెక్క వేయడం నేర్చుకుంటే, రేపు ఇంకే డీల్ వచ్చినా ఎవరినీ అడగక్కర్లేదు.

ఇలాంటి వార్త రాగానే అందరూ హైలైట్స్ పెట్టుకుని చూస్తారు. అవి చివరికి ఉంచండి. ఆట గొప్పదని మీకు ముందే తెలుసు. 2020లో వాట్సన్ 4,823 గజాలు పాస్ చేసి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, దాని మీద వాదనే లేదు. మీరు ముందు చదవాల్సింది ఆరోపణలు. "కాంట్రవర్సీ" అన్న మాటతో మాత్రం సరిపెట్టుకోకండి, ఎందుకంటే కోచ్‌తో పడనివాడినీ అదే మాట అంటారు, ఆడవాళ్లు కోర్టుకెక్కిన మనిషినీ అదే మాట అంటారు, ఈ రెండూ ఒకటి కావు. మసాజ్ చేయించుకునేటప్పుడు వాట్సన్ తమతో లైంగికంగా తప్పుగా ప్రవర్తించాడని 20 మందికి పైగా మహిళలు సివిల్ కేసులు వేశారు. తను ఏ తప్పూ చేయలేదని అతను అంటూ వచ్చాడు. 2022 మార్చి 11న హ్యూస్టన్‌లో గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) క్రిమినల్ అభియోగాలు మోపడానికి ఒప్పుకోలేదు, వారం తిరిగేసరికి ట్రేడ్ అయిపోయింది.

పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపలేదంటే జైలు భయం తగ్గిందని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. సివిల్ కేసులు అప్పటికీ నడుస్తూనే ఉన్నాయి, లీగ్ విచారణ కూడా తేలలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి సొంతంగా ప్రవర్తనా నియమావళి ఉంది, కోర్టు ఏ శిక్షా వేయకపోయినా లీగ్ ఆటగాడిని సస్పెండ్ చేయగలదు. అలాగే అయింది. 2022 ఆగస్టులో మాజీ జడ్జి సూ రాబిన్సన్ అతను నియమావళిని ఉల్లంఘించాడని తేల్చి 6 మ్యాచ్‌లు ఆపారు, అది చాలదని లీగ్ అప్పీలుకు వెళ్లింది, చివరికి 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానా దగ్గర ఒప్పందం కుదిరింది. కాబట్టి మీ టీమ్ మేనేజర్ "లీగల్‌గా క్లియర్ అయ్యాడు" అంటే, ఏ లెక్కన క్లియర్, లీగ్ విచారణ ఎక్కడిదాకా వచ్చింది అని చూడండి.

ఇంకొకటి కూడా చూడండి: మీ టీమ్ ఎవరెవరితో మాట్లాడింది? తాము నెలల తరబడి ఆరా తీశామని బ్రౌన్స్ చెప్పుకుంది, కానీ ఆ మహిళలతో మాత్రం నేరుగా మాట్లాడలేదు, క్రిమినల్ విచారణకు అడ్డం అవుతుందని లాయర్లు వద్దన్నారట. మరి విచారణ పూర్తిగా తేలేదాకా ఆగొచ్చు కదా? మన ఇళ్లలో సంబంధం చూసేటప్పుడు కూడా అబ్బాయి ఊరికి మనిషిని పంపి నలుగురిని అడిగి కనుక్కుంటాం. ఇక్కడ అన్ని కోట్లు పెడుతూ, ఫిర్యాదు చేసినవాళ్ల మాట వినకుండానే సంతకం పెట్టారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. ఆ ఏడాది నుంచి నేను బ్రౌన్స్ మ్యాచ్ పెడితే మా ఆవిడ హాల్లోంచి లేచి వెళ్లిపోయేది, నేను ఏమీ అనలేకపోయేవాణ్ణి. ఊరు మొత్తం ప్రేమించే టీమ్ ఒకటి ఇంట్లో ఆడవాళ్లకు కాకుండా పోతే ఆ నష్టం ఏ పట్టికలోనూ కనబడదు, కానీ మీ లెక్కలో అది ఉండి తీరాలి.

ఇప్పుడు ధర. క్లీవ్‌లాండ్ ఇచ్చినవి 2022, 2023, 2024 ఫస్ట్ రౌండ్ పిక్‌లు మూడు, పైన ఒక మూడో రౌండ్, రెండు నాలుగో రౌండ్ పిక్‌లు. తిరిగి వచ్చింది వాట్సన్, ఒక ఆరో రౌండ్ పిక్. క్రికెట్ అలవాటైన మనకు పిక్ విలువ వెంటనే తట్టదు. 2023 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ పాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొన్నప్పుడు పోయింది డబ్బే, తర్వాతి మెగా వేలానికి పర్సు మళ్లీ నిండుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పిక్ అంటే రాబోయే కుర్రాడు. ఫస్ట్ రౌండ్ కుర్రాడు నాలుగేళ్లు తక్కువ జీతానికి ఆడతాడు, ఐదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు టీమ్‌కి ఉంటుంది. అలాంటి ముగ్గురిని పోగొట్టుకుంటే వాళ్ల స్థానాల్లో మార్కెట్ ధరకు ఆటగాళ్లను కొనాలి, కొనడానికి మీ డబ్బంతా ఆ క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉంటుంది.

ఆ పిక్‌లు అవతలివాళ్లకు ఏమవుతాయో కూడా ఊహించుకోండి. 2023లో బ్రౌన్స్ నుంచి వచ్చిన 12వ పిక్‌ని ముందు పెట్టి టెక్సన్స్ డ్రాఫ్ట్‌లో మూడో స్థానానికి ఎగబాకి విల్ ఆండర్సన్‌ను తీసుకుంది, ఆ ఏడాది డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. 2024 జనవరి ప్లేఆఫ్స్‌లో అదే టెక్సన్స్ అదే బ్రౌన్స్‌ను 45-14 తేడాతో చిత్తు చేసింది. ఆ రోజు వాట్సన్ భుజం గాయంతో బయట ఉన్నాడు. సీజన్ మధ్యలో తెచ్చుకున్న జో ఫ్లాకో బ్రౌన్స్ తరఫున ఆడాడు.

డబ్బు సంగతికొస్తే, మొత్తం అంకె కంటే గ్యారంటీ ఎంతో చూడటం ముఖ్యం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పెద్ద కాంట్రాక్టుల్లో సాధారణంగా చివరి ఏళ్లకు గ్యారంటీ ఉండదు, ఆటగాడు పడిపోతే టీమ్ వదిలించుకోగలదు. 2023లో క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌కు బాల్టిమోర్ ఇచ్చిన 26 కోట్ల డాలర్లలో గ్యారంటీ 18.5 కోట్లు. వాట్సన్‌కు ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు, ప్రతి డాలరూ గ్యారంటీ. గాయపడినా, బెంచీ మీద కూర్చున్నా ఇవ్వాల్సిందే. పైగా సాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) ఉంది, 2022లో ఒక్కో టీమ్‌కి 20.82 కోట్ల డాలర్లు. క్యాప్ చాలకపోతే ఈ ఏడాది జీతాన్ని బోనస్‌గా మార్చి దాని లెక్కను వచ్చే ఏళ్ల మీదకు నెడతారు, రీస్ట్రక్చర్ అంటారు దీన్ని, అప్పు చేసి పప్పు కూడు తినడం లాంటిదే. బ్రౌన్స్ ఏటేటా అదే చేసింది.

అంత గ్యారంటీ ఎందుకు ఇచ్చారు? వాట్సన్ కాంట్రాక్టులో తను ఒప్పుకోకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు ఉంది. అంటే టెక్సన్స్‌ను ఒప్పిస్తే చాలదు, అతన్నీ ఒప్పించాలి. అట్లాంటా, న్యూ ఆర్లీన్స్, కరోలినా కూడా పోటీలో ఉన్నాయి, బ్రౌన్స్‌ను వాట్సన్ ముందు కాదన్నాడు కూడా. అప్పటికే ఉన్న క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ ఇది చూసి తనను ట్రేడ్ చేయమని అడిగాడు. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది, మర్నాడు ఆ 23 కోట్లతో వాట్సన్ సరేనన్నాడు. వేలంలో కూర్చునే ముందే "ఇంతకు మించి ఇవ్వం" అని కాగితం మీద రాసుకోని టీమ్‌కి పట్టే గతి ఇది.

మేఫీల్డ్ గురించి ఇంకో మాట. మీ దగ్గర ఉన్నవాడు నిజంగా అంత చెడ్డవాడా అని అడగండి. 2021 జనవరిలో పిట్స్‌బర్గ్‌ను 48-37తో ఓడించి, 1994 సీజన్ తర్వాత బ్రౌన్స్‌కు తొలి ప్లేఆఫ్ విజయం తెచ్చింది అతనే. తర్వాతి ఏడాది భుజం గాయంతో ఆడి తడబడ్డాడు. అతన్ని 2022 జులైలో ఒక షరతుల పిక్‌కి కరోలినాకు ఇచ్చేశారు. తర్వాత టాంపాలో 2023, 2024 రెండేళ్లూ ప్రో బౌల్‌కి (లీగ్‌లోని ఉత్తమ ఆటగాళ్ల జాబితాకి) ఎంపికయ్యాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మనిషి మైదానంలో ఉంటాడా అన్నది తర్వాతి లెక్క. వాట్సన్‌కు 2014లో ఒక మోకాలు, 2017లో ఇంకో మోకాలు లిగమెంట్ తెగింది. 2021 మొత్తం ఆడలేదు. బ్రౌన్స్ తరఫున తొలి మూడు సీజన్లలో ఆడింది 19 మ్యాచ్‌లు, గెలిచింది 9. 2024 అక్టోబర్‌లో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ తెగింది, 2025 జనవరిలో మళ్లీ తెగింది. గాయాలను ఎవరూ ముందే చెప్పలేరు, నిజమే. కానీ అంతకుముందు ఏడాదంతా ఆడని మనిషికి పూర్తి గ్యారంటీ ఇవ్వకుండా ఉండటం మన చేతిలోనే ఉంటుంది. ఆట తీరు సరిపోతుందా అన్నది కూడా చూడాలి: బ్రౌన్స్ పరుగుతో నెట్టుకొచ్చే టీమ్, వాట్సన్ వెనక నిలబడి మైదానమంతా పరుచుకుని ఆడేవాడు.

ఇంతకీ ఎప్పుడు ఇవ్వచ్చు? భారీ ధర ఇవ్వాలంటే మనిషి మీద మచ్చ ఉండకూడదు, మచ్చ ఉన్నవాడిని తెచ్చుకోవాలంటే ధర చిన్నగా ఉండాలి. 2021లో రామ్స్ రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్, తమ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ను ఇచ్చి ఇంకో క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చింది, మిగతా టీమ్ అప్పటికే సిద్ధంగా ఉంది, ఏడాదికే లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచింది. 2009లో కుక్కల పందేల కేసులో జైలు నుంచి వచ్చిన మైకేల్ విక్‌ను ఈగిల్స్ ఒక్క పిక్ కూడా ఇవ్వకుండా, తొలి ఏడాది 16 లక్షల డాలర్లకు తీసుకుంది. కుదరకపోతే మర్నాడే వదిలేయగలిగేది. కుదిరింది. భారీ ధర ఒక్కటే ఎంత ముంచుతుందో డెన్వర్‌ని చూడండి, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ మీద అలాంటి ఆరోపణ ఒక్కటీ లేదు, అయినా 2024లో అతన్ని వదిలేసినందుకు క్యాప్‌లో 8.5 కోట్ల డాలర్ల భారం మోసింది.

డీల్ ప్రకటించిన రోజు ఒక్కటి మాత్రం తప్పక వెతకండి: మొదటి ఏడాది బేసిక్ జీతం. సస్పెండ్ అయితే ఆటగాడు పోగొట్టుకునేది బేసిక్ జీతంలోంచే, బోనస్‌లోంచి కాదు. మిగతా నాలుగేళ్లు వాట్సన్ జీతం ఏడాదికి 4.6 కోట్ల డాలర్లు, సస్పెన్షన్ పడుతుందని అందరూ అనుకుంటున్న 2022లో మాత్రం 10.35 లక్షలు, మిగతాదంతా బోనస్. అందువల్ల 11 మ్యాచ్‌లకు అతనికి తగ్గింది సుమారు 6.3 లక్షలు. 4.6 కోట్ల జీతం మీదైతే అది దాదాపు 2.8 కోట్లు అయ్యేది.