సంలీనంలో తగ్గిన ద్రవ్యరాశిని, వచ్చే శక్తిని లెక్కగట్టడం ఇలా

తేలికైన కేంద్రకాలు కలిసి బరువైన కేంద్రకంగా మారే కేంద్రక సంలీనంలో ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ మాయమై శక్తిగా మారిపోదు. హైడ్రోజన్‌కి బరువైన రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కలవకముందు రెండు ప్రోటాన్లు, మూడు న్యూట్రాన్లు. కలిశాకా అవే. అయినా ద్రవ్యరాశి తగ్గుతుంది. ఎంత తగ్గిందో తేల్చడానికి పరమాణు ద్రవ్యరాశుల పట్టిక, క్యాలిక్యులేటర్ చాలు.

పట్టికలోని విలువలను ఆరు దశాంశ స్థానాల దాకా రాసుకోండి. డ్యుటీరియం 2.014102, ట్రిటియం 3.016049, కలిపితే 5.030151 ఏఎంయూ (పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం). చర్య తర్వాత హీలియం-4 4.002603, న్యూట్రాన్ 1.008665, కలిపితే 5.011268. తేడా 0.018883. ఒక ఏఎంయూ 931.494 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తికి సమానం కాబట్టి, తేడాను 931.494తో గుణిస్తే 17.59 ఎంఈవీ, అంటే సుమారు 1.76 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు.

లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. విలువలను మూడు స్థానాలకే కుదిస్తే తేడా 0.018 అయి, జవాబు 16.8కి పడిపోతుంది. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేస్తున్నాం కాబట్టి కుదింపులో పోయిందంతా జవాబులోనే కనిపిస్తుంది. ఇంకో పొరపాటు కాస్త కనిపెట్టడం కష్టం: ఇంధనానికి పరమాణు ద్రవ్యరాశి, హీలియానికి మాత్రం కేంద్రక ద్రవ్యరాశి (4.001506) వేయడం. రెండు ఎలక్ట్రాన్లు లెక్కలోంచి జారిపోయి 18.61 వస్తుంది. రెండు వైపులా పరమాణు ద్రవ్యరాశులే వేస్తే ఎలక్ట్రాన్ల గొడవే ఉండదు.

ఇప్పుడు బంధన శక్తులతో (కేంద్రకాన్ని విడి కణాలుగా విడదీయడానికి కావలసిన శక్తి) సరిచూడండి. హీలియం-4కి 28.296, ట్రిటియంకి 8.482, డ్యుటీరియంకి 2.225 ఎంఈవీ. మొదటిదాంట్లోంచి మిగతా రెండూ తీసేస్తే 17.589. అసలు సంగతి ఈ దారిలోనే తెలుస్తుంది: అవే కణాలు హీలియంలో మరింత గట్టిగా బిగుసుకున్నాయి, ఆ బిగువు మేరకు ద్రవ్యరాశి తగ్గింది. వెలువడిన శక్తిలో 14.1 ఎంఈవీ న్యూట్రాన్ పట్టుకుపోతుంది, 3.5 హీలియంకి మిగులుతుంది. ద్రవ్యవేగం రెండింటికీ సమానం కాబట్టి తేలికైనదానికే పెద్ద వాటా.

కిలో ఇంధనానికి ఎంతో చూద్దాం. 0.018883ను 5.030151తో భాగిస్తే 0.003754. అంటే కిలోకి 3.75 గ్రాములు తగ్గుతుంది. దాన్ని కిలోగ్రాముల్లోనే ఉంచి, కాంతి వేగ వర్గం 8.988 × 10¹⁶తో గుణించండి. 3.37 × 10¹⁴ జౌళ్లు వస్తాయి. గ్రాములే వేస్తే జవాబు వెయ్యి రెట్లు ఉబ్బుతుంది. కరెంటు బిల్లు భాషలో, యూనిట్‌కి 36 లక్షల జౌళ్లు కాబట్టి, 36 లక్షలతో భాగిస్తే సుమారు 9.4 కోట్ల యూనిట్లు. ఇది వేడి లెక్క, తీగల్లోకి వచ్చే కరెంటు ఇంతకన్నా చాలా తక్కువ.

నిజమైన యంత్రంతో పోల్చాలంటే ఇంగ్లండ్‌లో 2023 చివరి దాకా నడిచిన జెట్ టోకమాక్ (అయస్కాంత క్షేత్రంతో వేడి ప్లాస్మాను పట్టి ఉంచే సంలీన యంత్రం) ఉంది. 2023లో అది 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్ల సంలీన శక్తిని ఇచ్చింది. ఆ శక్తిని కాంతి వేగ వర్గంతో భాగిస్తే 0.77 మైక్రోగ్రాములు. 0.2 మిల్లీగ్రాముల్లో 0.375 శాతం తీస్తే 0.75. ఇంధనం బరువును ఒక్క అంకెకే చెప్పారు కాబట్టి ఆ కాస్త తేడా తప్పదు.