స్పర్శరేఖ లెక్క మొదలుపెట్టే ముందు

నల్గొండలో ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దుతుంటాను. మార్కులు ఎక్కువగా పోయేది స్పర్శరేఖ (వక్రాన్ని ఒక బిందువు దగ్గర తాకుతూ పోయే సరళరేఖ) లెక్కలోనే.

• ఇచ్చిన బిందువు వక్రం మీద ఉందా? వై = ఎక్స్² − 4ఎక్స్ + 7లో ఎక్స్ = 3 వేస్తే వై = 4. అంటే (3, 4) సరే. (3, 0) ఇస్తే అది బయటి బిందువు. రెండు స్పర్శరేఖలొస్తాయి, దారే వేరు.

• అవకలజం (డెరివేటివ్, వక్రం ఏ బిందువు దగ్గర ఎంత వాలుగా ఉందో చెప్పేది) 2ఎక్స్ − 4. ఆ 7ను వెంట తెచ్చుకోవద్దు.

• వాలు అంటే 2ఎక్స్ − 4 కాదు, ఎక్స్ = 3 వేశాక వచ్చే 2. వేయకుండానే రేఖ సూత్రంలో, అంటే వై − 4 = వాలు × (ఎక్స్ − 3)లో పెట్టేసి, రేఖ అడిగితే మళ్లీ వర్గ సమీకరణం రాసి ఇచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు!

• అడిగింది అభిలంబరేఖేమో (అదే బిందువు దగ్గర స్పర్శరేఖకు లంబంగా ఉండే రేఖ), ప్రశ్న ఇంకోసారి చదవండి.

• స్పర్శరేఖ వై = 2ఎక్స్ − 2 వచ్చాక వక్రంతో సమానం చేయండి. (ఎక్స్ − 3)² = 0 రావాలి. రెండు వేర్వేరు మూలాలొస్తే ఎక్కడో తప్పింది, ముందు ప్లస్, మైనస్ గుర్తులు చూసుకోండి.