తుంటి మీద నిలిచే స్కర్టు: బెల్లీ డాన్స్ కోసం నేను కుట్టుకునే పద్ధతి

నా మొదటి స్కర్టును నడుము కొలతతో కుట్టాను. వేసుకుని అద్దం ముందు నిలబడితే ఎంతో బాగుంది. తుంటికి బెల్టు కట్టి ఆడటం మొదలుపెట్టాక గాని తప్పు తెలియలేదు. ఈ నాట్యంలో కదలికంతా తుంటి దగ్గరే కనిపించాలి. అందుకే స్కర్టు బొడ్డు కింద నాలుగు వేళ్లు వదిలి, బెల్టు కూర్చునే చోటే మొదలవ్వాలి. నడుము నుంచి కొలిచి కుట్టినదాన్ని అక్కడికి దించేసరికి అది నేల ఊడ్చింది, రెండో గిరికీకే అంచు నా కాలి కింద పడింది. అప్పటినుంచి ముందు బెల్టు కట్టుకుని, తర్వాతే టేపు పట్టుకుంటున్నాను.

ఇప్పుడు చెప్పేది డబుల్ సర్కిల్ స్కర్టు గురించి, అంటే రెండు పూర్తి వలయాల బట్ట. ఒక్క వలయమైనా సరిపోతుంది, బట్ట సగమే పడుతుంది. కానీ తిరిగినప్పుడు గొడుగులా లేచి, ఆగగానే మెత్తగా కాళ్ల చుట్టూ వాలే అందం నాకు రెండు వలయాల్లోనే కనిపించింది. బెల్లీ డాన్స్‌లోనే ట్రైబల్ అనే శైలి వాళ్లు వేసుకునే మెట్లు మెట్ల కాటన్ స్కర్టు వేరు, అది తన బరువుతోనే ఊగుతుంది. ఈజిప్టు తరహా బెల్లీ డాన్స్‌కు, అంటే రక్స్ షర్కీకి, గాలికి లేచే బట్ట కావాలి. షిఫాన్ చాలా అందంగా ఉంటుంది గాని చేతిలో నిలవదు, జారిపోతుంది. మొదటిసారి కుట్టేవాళ్లు జార్జెట్ తీసుకోండి. దానికి కొంచెం గరుకు ఉంటుంది, కత్తెర మాట వింటుంది.

కొలతలు మూడే. తుంటిలో అన్నిటికంటే వెడల్పైన చోట చుట్టుకొలత ఒకటి. బెల్టు కూర్చునే చోట చుట్టుకొలత రెండోది. అక్కడినుంచి నేలదాకా పొడవు మూడోది. వేదిక మీద చెప్పులు లేకుండా ఆడితే అలాగే, హీల్స్‌తో ఆడితే హీల్స్ వేసుకునే కొలవాలి. మోకాళ్లు బిగబట్టకుండా, ఆడేటప్పుడు ఎలా నిలబడతారో అలాగే నిలబడండి.

లెక్క నా కొలతలతోనే చూపిస్తాను. వెడల్పైన చోట 100 సెంటీమీటర్లు. సులువుగా ఎక్కడానికి 4 కలిపితే 104. రెండు వలయాలు కాబట్టి దాన్ని 12.56తో, అంటే 3.14కు నాలుగు రెట్లతో భాగించాలి, 8.3 వస్తుంది. కుట్టు పడాల్సిన గీత కేంద్రం నుంచి అంత దూరంలో ఉంటుంది. పట్టీ కుట్టడానికి 1 సెంటీమీటరు వదలాలి గనుక, కత్తిరించేది మాత్రం 7.3 దగ్గర. నేను ఒకసారి ఇది మరిచి 8.3 దగ్గరే కత్తిరించాను. చూడటానికి ఒక్క సెంటీమీటరే, కానీ రెండు వలయాల్లో అది 12 సెంటీమీటర్లకు పైగా వదులైంది. పొడవు 92. నేలకు తగలకుండా 3 తగ్గిస్తే 89. దానికి 8.3, కింది మడతకు 1 కలిపితే బయటి గీత కేంద్రం నుంచి 98.3 దగ్గర పడుతుంది.

112 సెంటీమీటర్ల పన్నా ఉన్న బట్ట మీద ఒక్కో అర వలయానికి 2 మీటర్ల పొడవు పడుతుంది. నాలుగు అర వలయాలు కావాలి, మొత్తం 8 మీటర్లు. కేంద్రాన్ని సరిగ్గా బట్ట అంచు మీద పెట్టకండి. జాయింటు కోసం 1.5 సెంటీమీటర్లు లోపలికి జరిపి పెట్టండి. ఒక దారం కొసకు సుద్ద కట్టి, రెండో కొసను కేంద్రం దగ్గర వేలితో నొక్కిపట్టి గీయవచ్చు గాని దారం సాగుతుంది. నేను టేపునే తిప్పుతూ చుక్కలు పెట్టి కలుపుతాను. మడత పెట్టి నాలుగు పొరలు ఒకేసారి కత్తిరించాలనే తొందర వద్దు. బట్టను కాగితం మీద పరిచి, పిన్నులు పెట్టి, ఒక్కొక్క పొరే కోయండి.

కుట్టడం తేలిక. కొత్తది, సన్నది, 9 లేదా 11 నంబరు సూది వేయండి. బట్టను మిషను లోపలికి మింగేస్తుంటే కింద పలచటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. ముందు పైభాగంలోని చిన్న వంపుల మీద ఒక కుట్టు వేసేయాలి, లేకపోతే చేతిలోనే సాగిపోతాయి. నాలుగు ముక్కలనూ జాయింటు చేసేటప్పుడు, స్లిట్లు కావాలంటే ముందువైపు వచ్చే రెండు జాయింట్లను తొడ మధ్య నుంచి కిందికి వదిలేసి, ఆ అంచులను సన్నగా మడిచి కుట్టుకోవాలి. స్లిట్ మొదలయ్యే చోట కుట్టు రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ నడపండి. చిరిగేది ఎప్పుడూ అక్కడే.

పైన 8 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ వేసి, అందులో 2.5 సెంటీమీటర్ల ఎలాస్టిక్ దూర్చాలి. బెల్టు చోటి కొలతకు 8 తగ్గించి పిన్నుతో బిగించి, గట్టిగా షిమ్మీ చేసి, అంటే తుంటిని వేగంగా అదిలించి చూడండి. జారకపోతేనే ఎలాస్టిక్ కత్తిరించండి.

ఇక్కడ ఆగాలి. కింది అంచు ఆ రాత్రే మడవాలని ఎంత అనిపించినా మడవకండి. వలయంలో కొంత బట్ట నిలువుగా, కొంత ఐమూలగా వేలాడుతుంది. ఐమూల భాగం తన బరువుకే సాగుతుంది. నా రెండో స్కర్టుకు వెంటనే అంచు కుట్టేశాను. వారం తిరిగేసరికి నాలుగైదు చోట్ల తోకల్లా కిందికి దిగింది, మొత్తం విప్పాల్సి వచ్చింది. పైపట్టీని క్లిప్పులతో హ్యాంగరుకు తగిలించి రెండు రోజులు వదిలేయండి.

తర్వాత స్కర్టు వేసుకుని, పైన బెల్టు కూడా కట్టుకుని కదలకుండా నిలబడండి. ఇంకొకరు నేల మీద స్కేలు నిలబెట్టి 3 సెంటీమీటర్ల ఎత్తున చుట్టూ పిన్నులు పెట్టాలి. వాళ్లే మీ చుట్టూ తిరగాలి, మీరు తిరగకూడదు. ఆ పిన్నుల గీత కింద 1 సెంటీమీటరు ఉంచి మిగతాది కోసేయండి. ఒక మడతకు కుట్టు వేసి, మిగులును దగ్గరగా కత్తిరించి, మళ్లీ మడిచి రెండో కుట్టు. చుట్టుకొలత 12 మీటర్లు కాబట్టి 24 మీటర్ల కుట్టు. నేను దీన్ని రెండు సాయంత్రాలకు పంచుకుంటాను, అలసిన చేతికి సన్న మడత నిలవదు.

పూర్తయ్యాక వెనక దీపం పెట్టించుకుని ఎవరినైనా ముందునుంచి చూడమనండి. వేదిక లైట్లకు షిఫాన్ అద్దమే, లోపల ఒంటిరంగు షార్ట్స్ తప్పవు. ఆ తర్వాత రెండు వైపులా పదేసి గిరికీలు, వెనక్కి నాలుగు అడుగులు, మోకాళ్ల మీద కూర్చుని లేవడం. బొటనవేలికి అంచు ఎక్కడ తగిలితే అక్కడ పిన్ను పెట్టి, ఆ ఒక్క చోటే విప్పి మళ్లీ కుట్టండి.