రెసిపీలో పెప్పర్ అంటే మిరియమా, మిరపకాయా, క్యాప్సికమా?

గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఇంగ్లీషు రెసిపీ చూసి వండడం ఇప్పుడు మామూలైపోయింది. కానీ మిరప పండే ఊళ్లవాళ్లం కూడా పెప్పర్ అన్న మాట దగ్గర ఆగిపోతున్నాం, ఎందుకంటే ఆ ఒక్క పేరుతో మూడు వస్తువులు తిరుగుతున్నాయి. ఏదో తేల్చుకోవాలంటే దాని పక్కన ఏం రాశారో చూడాలి.

పెప్పర్ అనో బ్లాక్ పెప్పర్ అనో ఉండి, ఉప్పుతో కలిపి రాస్తే అది మిరియాల పొడి. రెడ్ పెప్పర్ రెండు, ముక్కలుగా తరిగినవి అంటే మాత్రం మన క్యాప్సికం. దాన్ని అమెరికాలో బెల్ పెప్పర్ అంటారు, ఇంగ్లండులో ఉత్త పెప్పరే, క్యాప్సికం అనేది మనమూ ఆస్ట్రేలియావాళ్లూ. అదే క్రష్డ్ రెడ్ పెప్పర్ అని ఉంటే మళ్లీ వేరు, పిజ్జాతో చిన్న పొట్లాల్లో ఇస్తారే, ఆ కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప. కొలత చెంచాల్లో ఉందా, కాయల లెక్కలో ఉందా అన్నది ముందు చూసుకుంటే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

ఇంత గందరగోళం ఎందుకొచ్చిందంటే, పెప్పర్ అన్న మాట అసలు మన దేశం నుంచి వెళ్లిందే. సంస్కృతంలో పిప్పలి, అంటే ఇప్పటికీ ఆయుర్వేదం మందుల్లో వేసే పిప్పళ్లు, అది గ్రీకులో పెపెరి అయి, లాటిన్‌లో పిపెర్ అయి, చివరికి ఇంగ్లీషుకి చేరేసరికి మిరియం పేరైంది. 1492లో కొలంబస్ మన వైపు దారి వెతుక్కుంటూ కరీబియన్ దీవుల్లో తేలాడు, అక్కడివాళ్లు తినే ఘాటైన కాయని కూడా ఒక రకం మిరియం కిందే లెక్కేశాడు. నిజానికి ఈ రెండింటికీ చుట్టరికమే లేదు, మిరియం తీగకి కాస్తుంది, మిరపది వంకాయ, టమాటాల కుటుంబం.

చిల్లీ అన్న మాట మెక్సికోలోని నావాటల్ భాషది. స్పానిష్ ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది, చిలీ దేశానికీ దీనికీ సంబంధం లేదు. కాయని మన దేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చారు. అప్పుడు మనవాళ్లూ పాత పేరునే దీనికి తగిలించినట్టున్నారు, మిరప అంటుంటే అందులో మిరియం వినపడటం లేదూ?

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది చిల్లీ పౌడర్ దగ్గర. అమెరికా రెసిపీలో చిల్లీ పౌడర్ రెండు చెంచాలు అంటే అది ఉత్త కారం కాదు, జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో కలిపిన మసాలా, చిల్లీ అని పిలిచే వాళ్ల మాంసం కూరలో వేసేది. మన సాంబారు కారం ఎలా మిశ్రమమో అదీ అలాగే. దాని బదులు తేజ అనే బాగా ఘాటైన మిరప రకం పట్టించిన కారం రెండు చెంచాలు వేస్తే పిల్లలు ముద్ద ముట్టరు. అరచెంచాతో మొదలుపెట్టి, జీలకర్ర పొడీ కాస్త వెల్లుల్లీ విడిగా కలుపుకోండి. కయెన్ పెప్పర్ అని ఉంటే అది మటుకు ఉత్త కారమే, మనది నిశ్చింతగా వాడొచ్చు, కాకపోతే తేజ అయితే కొంచెం తగ్గించి. పాప్రికా రంగు కోసం, దాని బదులు బ్యాడిగి కాయ పొడి సరిపోతుంది.

ఇక ఇంగ్లీషులో చిల్లీ స్పెల్లింగ్ సంగతి. బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు, అమెరికాలో ఒకటే, రెండూ ఒప్పే. చివర ఐ బదులు వై పెడితే మాత్రం చలి అని అర్థం. మన మెనూ కార్డుల్లో చిల్లీ చికెన్‌కి ఈ వై చాలాచోట్ల కనపడుతుంది, హోటల్ పెట్టేవాళ్లు అచ్చుకి ఇచ్చే ముందు ఒకసారి చూసుకోవాలి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి కారం పంపేటప్పుడు ప్యాకెట్ మీద చిల్లీ పౌడర్ అని ఊరుకోకుండా గ్రౌండ్ రెడ్ చిల్లీ అని రాయండి, కింద కాయ రకం కూడా, తేజా, గుంటూరు సన్నమా అన్నది. పక్కింటి అమెరికా ఆవిడకి ఒక చెంచా ఇవ్వాల్సొచ్చినా అది మసాలా అనుకుని గుమ్మరించకుండా ఉంటుంది.