గోడకు అంటించిన బట్ట ఊడిపోతోందా? ముందు అరచేత్తో గోడ తుడవండి

బట్ట ఊడగానే అందరూ జిగురునే తిడతారు. ఇంకా ఖరీదైన డబ్బా తెచ్చి, చిక్కగా రాసి మళ్లీ అంటిస్తారు. అదీ ఊడుతుంది. దయచేసి డబ్బా మూత తీసేముందు గోడను అరచేత్తో గట్టిగా ఒకసారి తుడిచి, పొడి అంటుతోందేమో చూడండి. అర నిమిషం పట్టదు. ఆ ఒక్కటి చూసుకోక మంచి పెడన కలంకారీ పాడుచేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

అతుకుల దగ్గర సందులు, రంగు దిగిన మరకలు

విజయవాడ వన్ టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో కొన్న బట్టను తెచ్చింది తెచ్చినట్టే అంటించారన్నమాట. తడి జిగురు తగిలితే నూలు కుంచించుకుపోతుంది, రంగూ దిగుతుంది. మంగళగిరి నూలైనా, కలంకారీ అయినా నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి.

చేతికి గోడ రంగులోనే పొడి అంటుతోంది

అది పాత డిస్టెంపర్, అంటే నీళ్లలో కలిపి వేసే గోడరంగు. తడిగుడ్డతో తుడిచి, ఎమెరీ పేపర్ పట్టి, ఆరాక ప్రైమర్ (అడుగు పూత) వేయండి. సరిపోతుంది.

కింది నుంచి నడుమెత్తు దాకా ఊడుతోంది, బట్ట వెనక తెల్లపొడి

అందరూ బోల్తాపడేది ఇక్కడే. దీన్ని కూడా డిస్టెంపర్ పొడే అనుకుని ప్రైమర్ కొట్టేస్తారు. కొన్నాళ్లకు ప్రైమర్ పెచ్చులతో సహా బట్ట కిందికొస్తుంది. గోడ ఏ రంగుదైనా పొడి మాత్రం తెల్లగానే ఉందంటే అనుమానించండి, అది ఉప్పు కావచ్చు. నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతూ లవణాలను మోసుకొస్తుంది. తడి ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. వానాకాలం గాలిలోని తేమను ఆ ఉప్పే మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే మే నెలలో బిగువుగా ఉన్న బట్ట ఆగస్టుకల్లా వదులైపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు నిలిచిన విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లలో మరీ జాగ్రత్త. పైన కొత్త రంగు మెరుస్తున్నా లోపల ఉప్పు ఉండిపోవచ్చు.

ఆ పొడిని చెంచాడు నీళ్లలో వేసి చూడండి. కరిగిపోతే ఉప్పు. నీళ్లు తెల్లబడి అడుగున పేరుకుంటే సున్నమో డిస్టెంపరో. తర్వాత ఒక అడుగు పొడవున్న ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు చెమ్మ పడితే తడి గోడలోదే. గదివైపు పడితే గాలిలోది, కిటికీలు తెరిస్తే చాలు.

ఉప్పు గోడకు తడిగుడ్డ అసలు తగలనివ్వకండి, కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో గీకి, రాలిన పొడిని ఎత్తి బయట పారేయండి. బాత్రూమ్ పైపు కారుతోందా, బయట గోడ పక్కన నీళ్లు నిలుస్తున్నాయా చూసి ముందు అది ఆపండి. ఆ గోడకు జిగురు ఆశ మాత్రం వదులుకోండి. చెక్క రీపర్లతో (సన్నని పట్టీలతో) ఫ్రేము కట్టించి, బట్టను స్టేప్లర్ పిన్నులతో బిగించి, గోడకు అంగుళం ఎడంగా, నేలకు జానెడు పైన తగిలించండి. వెనక గాలి ఆడుతుంది. మాసినప్పుడు విప్పి ఉతుక్కోవచ్చు కూడా.

ఏసీ గాలి, పాత జిగురు, వంకర గోడ కూడా కారణాలే, కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.