పోయినసారి నీళ్లు రాలేదని ఇంట్లో ఉండిపోకండి: ఉప్పెన జాగ్రత్తలు

2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ హరికేన్ (పెనుతుఫానుని అమెరికాలో అలా అంటారు) ఫ్లోరిడా తీరాన్ని దాటింది. దాటిన చోటు నుంచి టాంపా బే అనే అఖాతం 200 కిలోమీటర్ల పైమాటే. అయినా సముద్ర మట్టాన్ని కొలిచే అక్కడి టైడ్ గేజీల్లో అంతకు ముందెప్పుడూ నమోదు కానంత ఎత్తుకి నీళ్లు వచ్చాయి. ఇళ్లలోనే మునిగి చనిపోయిన వాళ్లున్నారు. అంతకు ముందు 2022లో ఇయాన్ హరికేన్ వచ్చినప్పుడైతే అదే అఖాతంలో నీళ్లు వెనక్కి పోయి అడుగున బురద బయటపడింది.

టార్చిలైటు, మందులు, తాగునీళ్ల సంగతి అందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. మనుషుల్ని ముంచేది ఒకే ఒక్క మాట: "పోయినసారి అంత పెద్ద తుఫానుకే ఇక్కడికి నీళ్లు రాలేదు."

1969లో అమెరికాలోని మిసిసిపీ తీరాన్ని కమిల్ అనే భయంకరమైన హరికేన్ కొట్టింది. దానికి నిలిచిన ఇళ్లు దేనికైనా నిలుస్తాయని అక్కడి జనం నమ్మారు. 2005లో కత్రినా హరికేన్ వచ్చింది. తీరం తాకేసరికి దాని గాలి కమిల్ గాలి కంటే బలహీనం. కానీ తుఫాను చాలా వెడల్పు. ఆ తీరంలోని పాస్ క్రిస్టియన్ అనే ఊరి దగ్గర నీళ్లు సుమారు 8.5 మీటర్లు లేచాయి, కమిల్ కంటే దాదాపు మీటరు ఎక్కువ. కమిల్‌ని తట్టుకున్న ఇల్లు కదా అని ఆగిన వాళ్లలో చాలామంది పోయారు.

గాలి ఎంత ఉందన్నదాన్ని బట్టి నీళ్లెంత వస్తాయో చెప్పలేం. ఉత్తరార్ధగోళంలో తుఫాను కదిలే దిక్కుకి కుడిపక్కన గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది, ఎడమపక్కన ఒడ్డు నుంచి వెనక్కి లాగుతుంది. దక్షిణార్ధగోళంలో ఇది తిరగబడుతుంది. తుఫాను యాభై కిలోమీటర్లు అటో ఇటో జరిగితే చాలు, పోయినసారి పొడిగా ఉన్న ఊరు ఈసారి మునుగుతుంది. పోటు సమయంలో తాకితే ఒక ఎత్తు, ఆటు సమయంలో తాకితే ఒక ఎత్తు. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే తోసుకొచ్చిన నీళ్లకి వెనక్కి మళ్లే దారి ఉండదు, పైకి లేస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు ఐదు మీటర్ల ఉప్పెన లేచి వేలమందిని తుడిచిపెట్టింది. గాలి, తుఫాను దారి, పోటు ఇవన్నీ ఒకేలా కలిసి రెండోసారి రావు. అందుకే పోయినసారి నీళ్లు ఎక్కడ ఆగాయన్నది ఈసారికి లెక్కలోకి రాదు.

మరి లెక్క ఎలా? బీచ్ ఎన్ని కిలోమీటర్లుందని కాదు, మీ గడప సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో కనుక్కోండి. దగ్గర్లోని సర్వే బెంచ్ మార్కు (సముద్ర మట్టం నుంచి ఎత్తు కొలిచి పెట్టిన గుర్తు) నుంచి లెవెల్ తీయిస్తే సరిగ్గా తెలుస్తుంది. ఫోన్ మ్యాపులు చూపించే ఎత్తులో మీటర్ల తేడా ఉండొచ్చు, దాన్ని నమ్మి కూర్చోకండి. హెచ్చరికలో చెప్పే ఉప్పెన ఎత్తు సాధారణంగా మామూలు ఆటుపోటు మీద అదనం. "2 మీటర్ల ఉప్పెన" అన్నారు, ఆ వేళకి పోటు సముద్ర మట్టానికి మీటరు పైన ఉంది, అంటే మొత్తం 3 మీటర్లు. మీ గడప 2.5 మీటర్ల ఎత్తులో ఉంటే ఇంట్లో అర మీటరు నీళ్లు. అలలు దాని మీద వేరే.

ఇంకోటి, నీళ్లు బీచ్ వైపు నుంచే వస్తాయనుకోవద్దు. అందరూ వీధి వాకిట్లో నిలబడి సముద్రం వైపు చూస్తుంటారు. ఈలోగా వాగులోంచి, కాలవలోంచి ఎగదన్నిన నీళ్లు వెనకవైపు చేరతాయి. బాత్రూం తూములోంచి బుడబుడమని ఉప్పునీళ్లు పైకి వస్తున్నాయంటే బయట మట్టం మీ నేలను దాటిందన్నమాట. అప్పటికే బయల్దేరే టైం అయిపోయింది.

సీజన్‌కి ముందు చేయాల్సినవి: దారి కోసమనో, సముద్రం కనిపించాలనో ఇసుక దిబ్బల్ని తవ్వకండి, తెగిన చోటు నుంచే నీళ్లు దూసుకొస్తాయి. మడ చెట్లు కొట్టకండి. గోడ ఉందన్న ధీమా వద్దు. జపాన్‌లోని తారోలో 10 మీటర్ల గోడ ఉండేది, 2011 సునామీ దాని మీదుగా వచ్చింది. గోడ ఎత్తు కూడా పాత లెక్కతో కట్టిందే.

హెచ్చరిక వచ్చాక:

ఖాళీ చేయమంటే వెలుగుండగానే వెళ్లండి. తుఫాను తాకడానికి చాలా గంటల ముందే రోడ్లు మునగొచ్చు.

వెళ్లే షెల్టర్ ఎంత ఎత్తులో ఉందో అడగండి. 2013లో హయాన్ తుఫాను వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్‌లో షెల్టర్లలోకే నీళ్లొచ్చి జనం చనిపోయారు.

ముసలివాళ్లని, మంచం మీదున్న వాళ్లని ముందు పంపండి. చివర్లో చూద్దాం అంటే మోసే మనిషి దొరకడు.

మెయిన్ స్విచ్ ఆపండి. గ్యాస్ కట్టేయండి.

పశువుల కట్లు విప్పండి.

పారే నీళ్లలో బండి దింపకండి. ముప్పై సెంటీమీటర్ల నీళ్లకే చిన్న కారు తేలిపోతుంది, పదిహేనుకే పెద్దమనిషి కాళ్లు తప్పుతాయి.

కప్పు మీదికి దారి లేని అటక ఎక్కకండి. నీళ్లు పెరిగితే అందులోంచి బయటపడలేరు.

గాలి ఆగిందని దిగకండి. తుఫాను కన్ను మీ మీదుగా పోతుండొచ్చు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది, అప్పటిదాకా వెనక్కి పోయిన సముద్రం ఒడ్డెక్కొచ్చు.

సముద్రం వెనక్కి పోయిందని చూడ్డానికి వెళ్లకండి. పిల్లల్ని అస్సలు పంపకండి.

తుఫాను లేకపోయినా భూమి గట్టిగా, చాలాసేపు కంపించిందంటే సైరన్ కోసం ఆగకండి, ఎత్తుకి పరుగెత్తండి. సునామీలో మొదటి అలే పెద్దదని లేదు, గంటలపాటు వస్తూనే ఉంటాయి.

పక్కింటి పెద్దాయన "నేను చూడని తుఫానా" అంటే వాదనకి కూర్చోకండి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. ఆయన చూసింది పోయిన తుఫాను.

డబ్బు, కాగితాల కోసం వెనక్కి రాకండి.

అధికారులు చెప్పేదాకా ఇంటికి తిరిగి వెళ్లకండి. వెళ్లాక తెగిన కరెంటు తీగల దగ్గరికి పోకండి, బావి నీళ్లు తాగకండి.